రైలు గేటు ఆట అమ్మాలె: స్టీమ్‌కి 30 శాతం ఇయ్యాల్నా?

#1 · బంకమట్టి (హన్మకొండ)

అందరికీ నమస్తే. మేం ఇద్దరం దోస్తులం. రెండేండ్ల సంది ఉద్యోగాలు చేసుకుంటనే, రాత్రిపూట కూసొని ఒక చిన్న ఆట చేసినం. ఊరవతల రైల్వే గేటు కాపలా కాసే మనిషి కథ. గేటు ఎప్పుడు వెయ్యాలె, ఎవరిని ఆపాలె, ఎవరిని పోనియ్యాలె, గంతే ఆట. పీసీకి మాత్రమే. ఇక్కడ 480 రూపాయలు, బయటి దేశాలల్ల 9.99 డాలర్లు పెడ్దామనుకున్నం.

చేసుడు అయితే అయింది గని, అమ్ముడు కాడికొచ్చి ఆగినం. స్టీమ్ అని నెట్ల పీసీ ఆటలమ్మే పెద్ద కొట్టు ఉంది గద, అది ప్రతి అమ్మకంల 30 శాతం పట్టుకుంటదట. మా దోస్తు ఒకటే లొల్లి. నిద్ర పాడు చేసుకున్నది మనం, కూసున్నకాడ వాటా తీసుకునేది వాళ్లా అంటడు. మనమే ఒక వెబ్‌సైట్ పెట్టి, యూపీఐ క్యూఆర్ పెట్టి, పైసలు రాంగనే లింక్ పంపుదామంటడు. నాకు గది నడుస్తదా అని అనుమానం. ఎవరన్న అమ్మినోళ్లుంటే చెప్పుండ్రి.

#2 · సీడీగాడు (విజయవాడ)

ముందుగా శుభాకాంక్షలండీ. రైల్వే గేటు మీద ఆట అనగానే మా ఊరి గేటు, దాని దగ్గర మరమరాల బండి గుర్తొచ్చాయి. విడుదలైన రోజున కొంటాను, రాసిపెట్టుకోండి.

30 శాతం అంటే గుండె గుభేల్‌మంటుంది గానీ, డబ్బాలో సీడీ పెట్టి అమ్మే కాలంలో లెక్క తిరగేసి ఉండేది. పబ్లిషరు, డిస్కు ముద్రించేవాడు, పంపిణీదారు, చివర్లో షాపువాడు, అందరూ తినగా అడుగున మిగిలింది ఆట చేసినవాడిది. 70 చేతికొస్తోందంటే అప్పటివాళ్లు నమ్మేవాళ్లు కాదు.

స్టీమ్ వచ్చిన కొత్తలో మేం తిట్టని తిట్టు లేదు. 2003 సెప్టెంబరు 12న వచ్చింది. అప్పటికి నెట్ సెంటర్లో గంటకింత అని కౌంటర్-స్ట్రైక్ 1.5 ఆడుతున్నాం. 1.6 కావాలంటే స్టీమ్ ఉండాల్సిందే అన్నారు. సెంటర్ అన్న ఒక్కో మెషీన్లో అది అప్‌డేట్ అయ్యేదాకా చూసి చూసి, "ఇది ఆటరా, ఆవిరి యంత్రమా" అని 1.5కే ఉండిపోయాడు. 2004 జులైలో పాత ఆన్‌లైన్ ఆటల సర్వర్లు (డబ్ల్యూఓఎన్) మూసేశాక ఆ దారీ పోయింది. ఆ నవంబరు 16న స్టీమ్ వాళ్ల సొంత ఆట హాఫ్-లైఫ్ 2 వచ్చింది. డబ్బా కొనుక్కొచ్చినా సరే స్టీమ్‌లో ఖాతా తెరిచి, నెట్‌లో యాక్టివేట్ చేస్తే గానీ ఆట తెరుచుకోదు! డబ్బులిచ్చి కొన్న డిస్కు నెట్ పర్మిషన్ అడగడమేంటని మా బ్యాచ్ మొత్తం అలిగాం. తర్వాత బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా డౌన్‌లోడ్ ఫ్రీ. అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్ నొక్కి మళ్లీ పడుకున్న బ్యాచ్ మాది. అలా అలిగినవాళ్లమే ఆ కొట్టుకి అలవాటుపడ్డాం. ఇప్పుడు నా లైబ్రరీలో 300 దాకా ఆటలున్నాయి, ఆడినవి 40 ఉండొచ్చు. మిగతావన్నీ వేసవి సేల్లో మా ఆవిడ చూడకుండా కొన్నవి.

#3 · ఒకమాట (కర్నూలు)

సీడీగాడు అన్నా, నువ్వే చెప్పినావు కదా. తమ ఆట కావాలంటే మా కొట్లోకి రావాల్సిందే అని బలవంతంగా తోలుకొచ్చిన గుంపు అది. ఇప్పుడు ఆ గుంపుని చూపించి మన దగ్గర 30 అడుగుతాండారు.

ఇంకోటి చూడబ్బా. 2018 ఆఖర్లో వాళ్లు రేట్లు మార్చినారు. ఒక ఆట కోటి డాలర్ల అమ్మకం దాటితే ఆపైన వచ్చేదాని మీద 25, ఐదు కోట్ల డాలర్లు దాటితే 20. అంటే యాడ బక్కోడుంటాడో ఆడ 30. బస్తా కొన్నోడికి రేటు తగ్గించడం కిరాణా కొట్లో ఉండేదే, కాదనను. కానీ ఈడ మనం కొనేవాళ్లం కాదు, సరుకు తెచ్చి పెట్టేవాళ్లం. గట్టిగా అరవగలిగినోడికి తగ్గించినారు, అంతే.

బంకమట్టీ, మీ దోస్తు అనేదాంట్లో తప్పేమీ లేదు.

#4 · నైట్‌డ్యూటీ (హైదరాబాద్)

నేను ఒక చిన్న స్టూడియోలో పనిచేస్తాను. రెండు ఆటలు స్టీమ్‌లో పెట్టాం. ఒకటి గట్టెక్కింది, ఒకటి మునిగింది. రెండోదాన్నుంచే ఎక్కువ నేర్చుకున్నాను కాబట్టి అదే చెప్తా.

ముందు మీ దోస్తు ఐడియా. వెబ్‌సైట్, క్యూఆర్ పెట్టడం ఒక సాయంత్రం పని. ఆ తర్వాత మొదలవుతుంది అసలు సినిమా. మీ ఇన్‌స్టాలర్ తెరవగానే విండోస్ "ఈ ఫైల్ ఎవరిదో తెలియదు, జాగ్రత్త" అని నీలం తెర వేస్తుంది. సగం మంది అక్కడే వెనక్కి తిరుగుతారు. రెండో రోజు బగ్ దొరుకుతుంది, సరిచేసిన ఫైలు కొన్న ప్రతివాడికీ మళ్లీ మెయిల్ చేయాలి. ఒకడు లింకుని వాట్సాప్ గ్రూపులో పడేస్తాడు. బ్రెజిల్లో ఒకామెకి మీ ఆట నచ్చుతుంది, ఆమెకి యూపీఐ లేదు.

స్టీమ్‌లో ఇవన్నీ వాళ్ల నెత్తిన ఉంటాయి. బిల్డ్‌ని ఒకసారి ఎక్కిస్తే వాళ్ల స్టీమ్‌పైప్ దాన్ని సుమారు ఒక్కో ఎంబీ ముక్కలుగా చేసి పెడుతుంది. మీరు చిన్న మార్పు చేస్తే మారిన ముక్కలే జనానికి వెళ్తాయి, ఆట మొత్తం మళ్లీ దిగదు. సేవ్ ఫైళ్లు క్లౌడ్‌లో ఉంటాయి. ఏ దేశం కరెన్సీ ఆ దేశానికే. పన్ను వాళ్లే వసూలు చేసి కడతారు. రీఫండ్ గొడవ వాళ్లే చూస్తారు.

అయితే ఈ సేవలన్నిటికీ కలిపి 30 శాతం విలువుందా? లేదు. నేనే ఒప్పుకుంటున్నా. ఫైళ్లు పంచడం ఈ రోజుల్లో అంత ఖరీదైన పని కాదు. మీరు 30 ఇస్తున్నది తిరునాళ్లలో స్థలానికి. 2025 మార్చిలో ఒకే సమయంలో 4 కోట్లకు పైగా జనం స్టీమ్‌లో ఉన్నారు. ఆ జనానికి కార్డు వివరాలు ఎక్కించే పని కూడా లేదు, ఒక్క నొక్కుతో కొనేస్తారు.

ఇక్కడే నేను మునిగింది. తిరునాళ్లలో స్థలం దొరికిందంటే జనం మన బండి దగ్గరికి వచ్చినట్టే అనుకున్నాను. 2024 ఒక్క ఏడాదిలో స్టీమ్‌లోకి 18 వేలకు పైగా ఆటలొచ్చాయి. రోజుకి 50! మాది ఒక మంగళవారం విడుదలైంది, బుధవారానికల్లా కొత్త ఆటల పట్టీలోంచి కిందికి జారిపోయింది. మా మేనత్త కొడుకు తప్ప ఎవరూ రివ్యూ రాయలేదు. అతనికీ ఆట నచ్చలేదు.

#5 · పులిహోర (తణుకు)

మేనత్త కొడుకు 😂😂 నిజాయితీపరుడండీ

#6 · బంకమట్టి (హన్మకొండ)

నైట్‌డ్యూటీ అన్నా, మరి జనం బండి కాడికి రావాలంటే ఏం చెయ్యాలె? యాడ్స్ ఇయ్యాల్నా? మా దగ్గర మిగిలింది 15 వేలు.

#7 · నైట్‌డ్యూటీ (హైదరాబాద్)

స్టీమ్ లోపల హోమ్ పేజీ చోటు డబ్బులకి అమ్మరు. కాబట్టి మీ 15 వేలతో అక్కడ పని లేదు. అందులోంచి 100 డాలర్లు మాత్రం తీసి పెట్టుకోండి, ఆట పెట్టడానికి కట్టాల్సిన రుసుము అది. 2017 దాకా గ్రీన్‌లైట్ అని జనం ఓట్లేసే పద్ధతి ఉండేది, దాన్ని తీసేసి ఈ స్టీమ్ డైరెక్ట్ తెచ్చారు. మీ ఆట అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే ఆ వంద వెనక్కిచ్చేస్తారు. మా రెండో ఆటకి ఇంకా ఇవ్వలేదు, అర్థం చేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. విడుదల రోజున పేజీ తెరవకండి. ఆర్నెల్ల ముందే "త్వరలో వస్తుంది" పేజీ తెరవండి. కనీసం రెండు వారాలు ఆ పేజీ ఉండాలన్నది వాళ్ల నియమం, రుసుము కట్టాక విడుదలకి 30 రోజులు ఆగాలన్నది ఇంకో నియమం. కానీ నియమానికి సరిపెట్టుకుంటే మునుగుతారు. ఆ ఆర్నెల్లూ మీ పని ఒక్కటే, విష్‌లిస్ట్, అంటే తర్వాత కొందామని జనం గుర్తు పెట్టుకునే జాబితా. పేజీ చూసినవాడు ఆ బటన్ నొక్కితే, విడుదల రోజున వాడికి స్టీమే మెయిల్ పంపుతుంది. తర్వాత మీరు 20 శాతం గానీ అంతకు మించి గానీ తగ్గింపు పెట్టిన ప్రతిసారీ మళ్లీ పంపుతుంది. రాబోయే పాపులర్ ఆటల పట్టీలోకి ఎక్కడం కూడా విష్‌లిస్టుల మీదే. ఏడు వేలు దాటితే అందులోకి ఎక్కుతారని ఆటలు చేసేవాళ్ల మధ్య ఒక మాట తిరుగుతుంటుంది. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ ఎప్పుడూ ఆ అంకె చెప్పలేదు, మీరూ దాన్ని పట్టుకు వేలాడకండి.

ఇంకా, నెక్స్ట్ ఫెస్ట్. ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబరుల్లో డెమోల పండగ. ఒక ఆట ఒక్కసారే పాల్గొనాలి. మేం మా డెమో సగం ఉడికినప్పుడే అందులో పెట్టేశాం. ఆ అవకాశం మళ్లీ రాదు. మీరు మాత్రం ఆట పూర్తిగా తయారయ్యాకే వాడుకోండి.

విడుదలయ్యాక మొదటి 10 రివ్యూలు రావాలి. పది దాకా స్టీమ్ మీ ఆట మీద మంచి, చెడు అని ఏ ముద్రా వేయదు. ముద్ర లేని ఆటని చూసినవాడు అనుమానంగానే చూస్తాడు.

#8 · లెక్కల పిన్ని (గుంటూరు)

నేను సీఏని. మా అబ్బాయి ఈ వేదికలో ఖాతా తెరిచి పెట్టాడు, ఆటలు ఆడను గానీ లెక్కలు చెప్పగలను. బంకమట్టి నాయనా, 30 శాతం పోతే 480లో 336 వస్తుందని అనుకుంటున్నావేమో. రాదు.

ఇండియాలో 480 అని కనిపించే ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. విదేశీ కంపెనీ మనకి నెట్ ద్వారా డిజిటల్ సరుకు అమ్మినా అది కట్టాలి. కాబట్టి ముందు 480ని 1.18తో భాగించు. 406.78. అందులో 30 శాతం, అంటే 122 రూపాయలు స్టీమ్‌కి. నీకు 284.75. వంద కాపీలు అమ్ముడైతే 28,475. రీఫండ్లు అందులోంచి పోతాయి.

అమెరికా లెక్క వేరు. అక్కడ సేల్స్ టాక్స్ ధర పైన వేస్తారు, కాబట్టి 9.99లో నీ వాటా 6.99 డాలర్లు. కానీ అమెరికాలో అమ్మినదాని మీద అక్కడి ప్రభుత్వానికి ముందే కోసి పంపుతారు. ఖాతా తెరిచేటప్పుడు పన్ను ఇంటర్వ్యూ అని ఫారం వస్తుంది, అందులో మన పాన్ నంబరు ఇచ్చి, ఇండియా-అమెరికా పన్ను ఒప్పందం కింద అడిగితే 15 శాతం కోస్తారు. ఒప్పందం అడక్కపోతే 30. అంటే కాపీకి 5.94 రావాల్సింది 4.90కి దిగిపోతుంది. ఫారంలో ఒక గడి వదిలేసినందుకు ప్రతి కాపీ మీదా డాలరు పోగొట్టుకున్న పిల్లవాణ్ణి చూశాను. ఆ కోసిన పన్నుని ఇక్కడ రిటర్నులో క్రెడిట్‌గా అడగొచ్చు, సర్టిఫికెట్ దాచుకో.

బ్యాంకు ఖాతాలో పేరు, పాన్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇద్దరూ కలిసి చేశారు కాబట్టి డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో, ఎవరి ఆదాయమో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. స్నేహం చెడేది ఆట ఫెయిలైనప్పుడు కాదు నాయనా, డబ్బు వచ్చినప్పుడు.

#9 · ఫ్రిస్కో_మామ (టెక్సాస్)

పిన్నిగారి పోస్ట్ పిన్ చేయాలి మోడరేటర్ గారూ.

ఒక ప్రశ్న. స్టీమ్‌కి పోటీ కొట్టు ఎపిక్ స్టోర్ మాట ఎవరూ ఎత్తలేదేం? 2018 డిసెంబరులో వచ్చినప్పుడే వాళ్లు తీసుకునేది 12 శాతం. 2025 జూన్ నుంచైతే ఒక్కో ఆటకి ఏడాదిలో మొదటి 10 లక్షల డాలర్ల దాకా సున్నా! బంకమట్టి తమ్ముడూ, నీ ఆట ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటితే అందరం పార్టీకి హన్మకొండ వస్తాం. అందాకా నీకు అక్కడ కోత లేదన్నట్టే.

#10 · లెక్కల పిన్ని (గుంటూరు)

అయితే పిన్ని లెక్కలో ఇది. సున్నా కోతతో కాపీకి 406.78. స్టీమ్‌లో వంద కాపీలకు వచ్చేది ఎపిక్‌లో 70 కాపీలకే వస్తుంది. డెబ్బై అమ్మగలడా లేదా అన్నది మీరు చెప్పాలి, నాకు తెలియదు.

#11 · నైట్‌డ్యూటీ (హైదరాబాద్)

70 కాదు పిన్నిగారూ, మా మొదటి ఆట రెండు చోట్లా ఉంది. స్టీమ్‌లో వంద అమ్ముడైతే ఎపిక్‌లో నాలుగో ఐదో. ఇది మా అనుభవం మాత్రమే, అందరికీ ఇంతే అనను.

ఎపిక్ డబ్బు చల్లలేదని కాదు. వారం వారం ఆట ఉచితంగా ఇస్తూ వచ్చారు. 2020 మేలో జీటీఏ 5 ఉచితం అనగానే వాళ్ల స్టోరే కుప్పకూలింది. ఆపిల్‌తో కోర్టు కేసు నడిచినప్పుడు లెక్కలు బయటికొచ్చాయి. మొదటి తొమ్మిది నెలల్లో 38 ఆటలు ఉచితంగా పంచడానికి ఆ ఆటలవాళ్లకి దాదాపు 1.16 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2019లో మెట్రో ఎక్సోడస్ లాంటి ఆటల్ని కొన్నాళ్లు తమ దగ్గరే ఉండేలా ఒప్పందాలు చేసుకున్నారు, జనం తిట్టిపోశారు. అంత చేసినా గురువారం వచ్చి ఉచితం తీసుకుని వెళ్లే జనమే ఎక్కువ కనిపిస్తారు. దానధర్మం జరిగే చోట కొట్టు పెట్టినట్టుంటుంది.

కానీ పెట్టండి. రుసుము అక్కడా 100 డాలర్లే. స్టీమ్‌లో నిలదొక్కుకున్నాక పెట్టండి.

#12 · ఒకమాట (కర్నూలు)

అందరూ స్టీమ్ భజన చేస్తాండారు. ఇచ్ (itch.io) అనే ఇంకో కొట్టుని మర్చిపోయినారా? 2013 నుంచి ఉంది. పెట్టడానికి రుసుము లేదు. వాటా ఎంతో నువ్వే చెప్పొచ్చు, మామూలుగా 10, నువ్వు సున్నా పెట్టినా ఏమీ అనరు. కొనేటోడు ఇష్టమైతే ధర కంటే ఎక్కువ కూడా ఇయ్యొచ్చు.

గాగ్ (GOG) అని ఇంకో కొట్టుంది, దాని సంగతి చెప్తే మళ్లీ గొడవైతాది గానీ చెప్తా. 2008 నుంచి ఒకే మాట మీద ఉండారు: కొన్న ఆటకి తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ దించుకుని నీ హార్డ్ డిస్కులో పెట్టుకో, రేపు ఆ కంపెనీ ఉన్నా లేకున్నా ఆట నీదే. స్టీమ్‌లో నువ్వు కొనేది ఆటని కాదు, ఆడుకునే అనుమతిని. కాలిఫోర్నియాలో చట్టం తెచ్చినాక, 2024 అక్టోబరు నుంచి ఆ ముక్క స్టీమ్ కూడా కార్ట్ దగ్గర రాయాల్సి వచ్చింది.

#13 · కందిపొడి (నెల్లూరు)

అన్నా సూపర్ పాయింట్. ది క్రూ అనే కార్ల ఆట గుర్తుందా? 2023 డిసెంబరులో అమ్మకం ఆపారు, 2024 మార్చి 31న సర్వర్లు మూసేశారు, ఒంటరిగా ఆడేవాడికి కూడా ఆట లేదు. ఆ కోపంతోనే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం మొదలైంది, యూరప్‌లో 2025 జులైకి 10 లక్షల సంతకాలు దాటాయి. నేను దానికి 2,000 పెట్టాను. ఇప్పుడు నా దగ్గర ఏముందీ అంటే లైబ్రరీలో దాని బొమ్మ ఉంది.

#14 · సీడీగాడు (విజయవాడ)

అది వేరు, ఇది వేరు. స్టీమ్‌లోంచి అమ్మకం ఆపేసినా, ముందే కొన్నవాళ్లు దించుకోవచ్చు. అలన్ వేక్ అనే ఆటని పాటల హక్కులు అయిపోయాయని 2017లో తీసేశారు, నా దగ్గర మాత్రం ఆడుతూనే ఉంది. తర్వాతి ఏడాది హక్కులు తెచ్చుకుని మళ్లీ పెట్టారు. ది క్రూ చచ్చింది సర్వర్ మూసినందుకు. ఆ పని చేసింది ఆట కంపెనీ, కొట్టు కాదు.

#15 · ఒకమాట (కర్నూలు)

సరే అన్నా, నీ 300 ఆటలు నీ తర్వాత నీ కొడుక్కి రాసిస్తావా? కుదరదు. ఖాతా ఇంకొకరికి మార్చకూడదని ఒప్పందంలోనే ఉంది. మా తాత రాసిచ్చిన రెండెకరాలకి పాసుపుస్తకం ఉంది. నీ 300 ఆటలకి ఏముంది, పాస్‌వర్డ్ తప్ప?

#16 · సీడీగాడు (విజయవాడ)

పాస్‌వర్డ్ చెప్పేసి పోతాలే తమ్ముడూ. మా వాడికి అందులో 260 సేల్లో కొన్న చెత్త అని తెలిసినప్పుడు ఏడుస్తాడు.

#17 · నిర్వాహకుడు

సభ్యులకు మనవి. ఆటల యాజమాన్యం మీద వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి. బంకమట్టి గారు అడిగింది ఎక్కడ అమ్మాలని. 18 పోస్టులు (ఎక్కువ భాగం తాతల ఆస్తి గురించి) అటు తరలించాను. #8 పిన్ చేశాను.

#18 · కందిపొడి (నెల్లూరు)

సారీ అండీ. విషయానికే వస్తా. బ్రో, స్టీమ్ కీలు (ఖాతాలో కొడితే ఆట వచ్చే కోడ్‌లు) ఫ్రీగా ఇస్తుందట కదా? మన సైట్లో కీ అమ్ముకుంటే 30 శాతం తప్పుతుంది కదా?

ఒక జాగ్రత్త మాత్రం. నేను ఒకసారి తక్కువకి దొరుకుతోందని ఎవరో కీలు అమ్మే సైట్లో కొన్నాను. వారం ఆడాక ఆట లైబ్రరీలోంచి మాయం. అడిగితే అమ్మినవాడు జవాబు లేదు, సైటువాళ్లు మాకు సంబంధం లేదన్నారు.

#19 · నైట్‌డ్యూటీ (హైదరాబాద్)

నిజమే, ఆట చేసినవాళ్లు అడిగితే కీలు ఇస్తారు, వాటి అమ్మకంలో స్టీమ్ వాటా లేదు. షరతు ఏమిటంటే బయట స్టీమ్ కంటే చవగ్గా అమ్మి అక్కడ కొన్నవాణ్ణి వెర్రివాణ్ణి చేయకూడదు. ఈ ధరల షరతు కీలతో ఆగడం లేదని వుల్ఫైర్ అనే స్టూడియో 2021లో వాల్వ్ మీద కేసు వేసింది. 2024 నవంబరులో అది ఆటలు చేసేవాళ్లందరి తరఫున నడిచే కేసుగా మారింది.

కందిపొడి గారి కీ ఎందుకు మాయమైందో చెప్తా. దొంగ కార్డుతో ఎవడో అసలు కొట్లో కీలు కొంటాడు, వేరే సైట్లో సగం ధరకి అమ్మేస్తాడు. కార్డు అసలు యజమాని బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కి పోతుంది, పైగా బ్యాంకు జరిమానా ఆట చేసినవాడి మీద పడుతుంది. అందుకే కీని రద్దు చేస్తారు. ఫ్యాక్టోరియో అనే ఆట చేసిన వ్యూబ్ వాళ్లు దీని మీదే, కీలు అమ్మే సైటు జీ2ఏతో పోట్లాడారు. తనిఖీలో 198 దొంగ కీలు తేలాయి, 2020లో జీ2ఏ 39,600 డాలర్లు కట్టింది. అంత ఓపిక, పేరు వాళ్లకున్నాయి. మనకి లేవు.

బంకమట్టి, ఇంకో హెచ్చరిక. పేజీ తెరిచిన రోజు నుంచి మెయిళ్లు వస్తాయి, "నాకు లక్షల ఫాలోవర్లున్నారు, ఐదు కీలు పంపండి" అని. పంపకండి. మేం పంపిన కీలు మూడో రోజు అమ్మకానికి కనిపించాయి.

#20 · జాజిపూలు (విశాఖ)

ఇందాకటి నుంచీ చదువుతున్నా, ఎవరూ ఒకటి అడగలేదు. ఆట ఎంతసేపు ఉంటుందండీ?

#21 · బంకమట్టి (హన్మకొండ)

గంటన్నర అక్కా. నిదానంగ ఆడితే గంటా నలభై.

#22 · జాజిపూలు (విశాఖ)

అదే భయపడ్డాను. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడినది 2 గంటల లోపు ఉంటే కారణం అడక్కుండా డబ్బు వెనక్కిస్తారు. 2015 జూన్ నుంచి ఉంది ఈ పద్ధతి. కొనేదాన్నిగా నాకు మంచిదే, వాడుకున్నా కూడా. కానీ మీ ఆటని మొదలుపెట్టి, ముగింపు చూసి, కన్నీళ్లు తుడుచుకుని, రీఫండ్ నొక్కొచ్చు. 2021లో సమ్మర్ ఆఫ్ 58 అని గంటన్నర భయం ఆట వచ్చింది. రివ్యూలు బాగున్నాయి, రీఫండ్లు మాత్రం ఎన్నో. చేసినవాళ్లు ఇక ఆటలు చేయడం కొంతకాలం ఆపేస్తున్నామని ప్రకటించారు.

#23 · ఫ్రిస్కో_మామ (టెక్సాస్)

అన్యాయం కదమ్మా ఇది. సినిమా చూసి బయటికొచ్చి టికెట్ డబ్బు అడిగినట్టు.

#24 · నైట్‌డ్యూటీ (హైదరాబాద్)

అన్యాయమే గానీ, దానికోసం ఆటని అరగంట సాగదీయకండి. సాగదీసిన ఆటకి రివ్యూలు చెడతాయి, అది ఇంకా నష్టం. నేనైతే ధర తగ్గిస్తా. 480 గంటన్నరకి ఎక్కువ. సిల్క్‌సాంగ్ అనే ఆట 2025 సెప్టెంబరులో 880కి వచ్చింది, 20 డాలర్ల ఆట మనకి సగం ధరకే. దాంట్లో పదుల గంటల ఆట ఉంది. కొనేవాడు మిమ్మల్ని దాని పక్కన పెట్టే చూస్తాడు. 250 దగ్గర ఉంటే గంటన్నరకి ఎవడూ రీఫండ్ అడిగేంత శ్రమ పడడు.

రూపాయల ధర తక్కువ పెడితే విదేశీయులు ఇక్కణ్ణుంచి కొంటారని భయపడకండి. ఖాతా దేశం మార్చాలంటే ఆ దేశం కార్డు కావాలి, అదీ మూడు నెలలకోసారే. అర్జెంటీనా, టర్కీల్లో ఆ దారి బాగా తొక్కారు. అక్కడ 2023 నవంబరులో స్థానిక కరెన్సీలే తీసేసి డాలర్ ధరలు పెట్టారు. దొంగదారిలో కొన్నవాళ్లు బాగానే ఉన్నారు, అక్కడి పిల్లలే చితికిపోయారు.

#25 · బంకమట్టి (హన్మకొండ)

ధర తగ్గించుడు మా దోస్తుకు ఎట్ల చెప్పాల్నో... 30 శాతానికే గంత లొల్లి చేసిండు.

#26 · లెక్కల పిన్ని (గుంటూరు)

250 అయితే నీకు కాపీకి 148.31. చెప్పే ముందు భోజనం పెట్టు.

#27 · సీడీగాడు (విజయవాడ)

మన హైదరాబాద్‌ నుంచే ఓగర్ హెడ్ వాళ్లు అసుర అని 2017లో స్టీమ్‌లో పెట్టారు. మన పురాణాల రాక్షసులతో కొట్లాట. అప్పట్లో కొన్నాను. తెలుగు నేల మీద చేసిన ఆట పేరు ఆ అంగట్లో చూస్తే ఎంత ముచ్చటేసిందో. మీదీ చూడాలి.

తెలుగులో మాటలు పెట్టారా ఆటలో?

#28 · బంకమట్టి (హన్మకొండ)

పెట్టినం సార్. తెలుగు, ఇంగ్లీషు రెండూ. గేటు మనిషి వరంగల్ యాసలనే మాట్లాడుతడు. దోస్తు వాళ్ల బాపు గొంతు.

#29 · ఒకమాట (కర్నూలు)

బాపు గొంతా! అట్లయితే నేను కొంటా, యాడ పెట్టినా. స్టీమ్‌లో పెట్టినా కొంటా, తిట్టుకుంటానే.

ఒక్కటి చెయ్యబ్బా. డెమో ఇచ్‌లో పెట్టు. ఊరికే ఆడతారు, నాలుగు మాటలు చెప్తారు, అన్నీ ఖర్చు లేని పనులు. దాని కింద స్టీమ్ పేజీ లింకు పెట్టు. ఒక్క కొట్టునే నమ్ముకోవద్దు. 2025 జులైలో ఏమైంది, పేమెంట్ కంపెనీలు ఒత్తిడి చేస్తే ఇచ్ పెద్దలకు మాత్రమే అన్న ఆటలన్నిటినీ వెతుకులాటలో కనపడకుండా చేసింది, స్టీమ్ కూడా కొన్ని తీసేసింది. కొట్టోడి పైన ఇంకో కొట్టోడుంటాడు.

#30 · బంకమట్టి (హన్మకొండ) · పదకొండు రోజుల తర్వాత

ఆలస్యమైంది, మాఫ్ చేయుండ్రి. పిన్నిగారు చెప్పినట్టు అన్నం పెట్టినంకనే చెప్పిన. దోస్తు రెండు రోజులు మాట్లాడలే. మూడో రోజు వాడే 250కి ఒప్పుకున్నడు, అయితే డాలర్లల్ల 5.99 అన్నడు. వెబ్‌సైట్ ముచ్చట ఇగ తియ్యలే. 100 డాలర్లు కట్టినం. కార్డుకు బయటి దేశాల చెల్లింపు ఆన్ చెయ్యక మూడు సార్లు ఫెయిలయింది, గది వేరే కథ.

పేజీ నిన్న రాత్రి తెరుచుకుంది. డెమో ఇచ్‌ల పెట్టినం. ఇప్పటికి విష్‌లిస్టులు 41. గండ్ల ఒకటి పోర్చుగల్ కెల్లి, ఎవరో ఏమో, వాళ్ల ఊర్లె గిట్ల గేటు ఉందేమో. విడుదల అక్టోబరు నెక్స్ట్ ఫెస్ట్ తర్వాతనే.

పిన్నిగారూ, ఒకటి అడగాలె. పాన్ కార్డుల నా ఇంటిపేరు చివర్ల ఉంది, బ్యాంకుల ముందల ఉంది. గిది నడుస్తదా, మార్పియ్యాల్నా?

#31 · లెక్కల పిన్ని (గుంటూరు)

మార్పించు. మొదటి చెల్లింపు రాకముందే. బ్యాంకులో మార్చడం తేలిక, పాన్ జోలికి పోకు. రేపు బ్యాంకుకి వెళ్లేటప్పుడు ఆధార్ కూడా తీసుకెళ్లు.

#32 · జాజిపూలు (విశాఖ)

42.